పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ, ఐదో ఏడు: 98 శాతం వచ్చిన మోడల్ మిరప చేలో 41కి పడిపోయింది. ఏం చేయాలి?

మబ్బుతునక:
పోస్టు పొడుగే, ఓపిగ్గా చదవండి. గుంటూరు దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో సీఎస్‌ఈ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. వయసు 36, ఇద్దరు పిల్లలు. 2021లో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి రిజిస్టర్ అయ్యాను. టాపిక్: ఆకు ఫొటో చూసి మిరప తెగులు ఏదో చెప్పే డీప్ లెర్నింగ్ మోడల్.

ప్రీ-పీహెచ్‌డీ పరీక్షలు అయిపోయాయి. ప్లాంట్‌విలేజ్ అనే ఆకుల ఫొటోల డేటాసెట్‌కి నెట్‌లో దొరికిన మిరప ఆకుల ఫొటోలు కలిపి ట్రైన్ చేస్తే మోడల్ 98.2 శాతం సరిగ్గా చెప్పింది. దాని మీద ఒక పేపర్ వేశాను. పోయినేడాది ఆ జర్నల్‌ని స్కోపస్ (గుర్తింపున్న జర్నల్స్) లిస్టులోంచి తీసేశారు. అక్కడికే సగం చచ్చిపోయాను.

అసలు దెబ్బ ఇప్పుడు తగిలింది. అక్టోబరులో అత్తగారి ఊరు వెళ్లినప్పుడు చేలోకి దిగి ఫోన్‌తో 212 ఫొటోలు తీశాను. పిల్లలు పడుకున్నాక రాత్రి పదకొండున్నరకి వంటగదిలో లాప్‌టాప్ పెట్టుకుని మోడల్‌కి ఇచ్చాను. 41 శాతం. కోడ్‌లో తప్పుందేమో అని మూడుసార్లు రన్ చేశాను. మూడుసార్లూ 41. మట్టి, నీడ, పక్క మొక్క ఆకు, నా బొటనవేలు, ఏది కనపడినా ఏదో ఒక తెగులు పేరు చెప్తోంది.

గైడ్‌కి చెప్తే, "చేలో తీసిన ఫొటోలు థీసిస్‌లో పెట్టకమ్మా, 98తో ముగించెయ్, లేనిపోని ప్రశ్నలొస్తాయి" అన్నారు. కాలేజీలకి గుర్తింపు ఇచ్చే నాక్ తనిఖీ వస్తోంది, డాక్టరేట్లు ఎంతమంది అని లెక్క చూస్తున్నారు, ప్రతి సోమవారం "ఎంతవరకు వచ్చింది" అని అడుగుతారు. నిన్న ఎవరో వాట్సాప్ చేశారు: మూడున్నర లక్షలిస్తే పేపర్లు, థీసిస్, వైవా ప్రిపరేషన్ అన్నీ వాళ్లే చూసుకుంటారట. నా నంబరు వాళ్లకి ఎలా వెళ్లిందో తెలీదు.

వదిలేయాలా? 98తో సబ్మిట్ చేయాలా? మళ్లీ మొదట్నించి చేయాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

రైలుపట్టా:
ఆరో ఏట వదిలేశాను నేను. ఈసీఈ. ఇప్పుడు చిప్ వెరిఫికేషన్‌లో ఉన్నాను. వదిలేసిన మర్నాడు మా అమ్మాయిని స్కూల్‌కి నేనే దింపాను, మూడేళ్లలో అదే మొదటిసారి. వదిలేయడం ఓటమేం కాదు. ఆ దారి కూడా ఉందని మనసులో పెట్టుకోండి.

పాతబస్తీ_కోడర్:
ఇండస్ట్రీలో పీహెచ్‌డీ ఎవరూ అడగరండీ. మోడల్ చేయడం వచ్చు కదా, ఆ స్కిల్‌తో ఉద్యోగం మారిపోండి. జీతం రెట్టింపవుతుంది.

గుమ్మం_దగ్గర:
@పాతబస్తీ_కోడర్ ఆమె పాఠాలు చెప్పే మనిషి. ఇంజనీరింగ్ కాలేజీలకి నియమాలు పెట్టే ఏఐసీటీఈ లెక్క ప్రకారం అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే పీహెచ్‌డీ తప్పనిసరి. అది లేకపోతే పదిహేనేళ్ల సర్వీసున్నా అసిస్టెంట్‌గానే ఉండాలి. పైగా టీచింగ్ ఇష్టమైన వాళ్లని ఉద్యోగం మారమనడం సలహా కాదు.

పాతబస్తీ_కోడర్:
ఒప్పుకుంటున్నా. కానీ రాత్రి పదకొండున్నరకి వంటగదిలో కూర్చుని పనిచేయడం ఎన్నాళ్లు?

ఆరుద్రపురుగు:
వదిలేయడం, వదలకపోవడం తర్వాత. ముందు ఒకటి చెప్పండి మేడమ్. మోడల్‌కి నేర్పే ఫొటోలు (ట్రైన్), దాన్ని పరీక్షించే ఫొటోలు (టెస్ట్) విడదీసింది ఎలా? ఫొటోలు తిప్పి, జూమ్ చేసి కాపీలు పెంచారు కదా, అది విడదీయక ముందా, తర్వాతా?

మబ్బుతునక:
ముందే పెంచాను. మొత్తం కలిపి తర్వాత 80-20గా విడదీశాను. చాలా పేపర్లలో అలాగే ఉంది.

ఆరుద్రపురుగు:
అనుకున్నాను. అంటే ఒకే ఆకు ఫొటో నిటారుగా ట్రైనింగ్‌లో ఉంది, అదే ఆకు కాస్త వంగి టెస్టులో ఉంది. పరీక్ష పేపరు ముందురోజు ఇచ్చేసి మార్కులు వేసినట్టు. ఆ 98లో ఎంత నిజమో మీకూ తెలీదు, మీ గైడ్‌కీ తెలీదు.

రెండోది ఇంకా పెద్దది. ప్లాంట్‌విలేజ్‌లో 54 వేల పైచిలుకు ఫొటోలున్నాయి, 14 పంటలు, 38 క్లాసులు (పంట, తెగులు కలిపి చేసిన రకాలు). మన మిరప అందులో లేదు, బెల్ పెప్పర్ మాత్రం ఉంది. ఆకుని కోసి, ఒక్కదాన్నే సాదా నేపథ్యం మీద పెట్టి తీసిన ఫొటోలవి. 2016లో దాని మీద వచ్చిన పేరున్న పేపర్‌లో 99.35 శాతం వచ్చింది. అదే పేపర్‌లో, వేరే చోట వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలిస్తే 31 దగ్గరికి పడిపోయిందని వాళ్లే రాశారు. అందరూ మొదటి అంకెనే ఎత్తి రాసుకుంటారు, రెండోది వదిలేస్తారు. 2022లో ఇంకొకరు ఆకు జోలికే పోకుండా ప్రతి ఫొటో నేపథ్యంలోంచి 8 పిక్సెళ్లు మాత్రమే తీసుకుని మోడల్‌కిచ్చారు. 49 శాతం సరిగ్గా చెప్పింది! 38 క్లాసుల్లో గుడ్డిగా చెప్తే మూడు శాతం కూడా రాదు. అంటే మోడల్ తెగులు కాదు, ఫొటో తీసిన బల్లని నేర్చుకుంటోంది.

మీ 41 సిగ్గుపడాల్సిన అంకె కాదు. ఐదేళ్లలో మీరు చేసిన మొదటి అసలైన ప్రయోగం అది.

మబ్బుతునక:
ఈ పోస్టు ప్రింట్ తీసి పెట్టుకున్నాను. ఆ 31 సంగతి నేనూ చదవలేదు. అబ్‌స్ట్రాక్ట్ చూసి వదిలేశాను.

కంది_హాస్టల్:
ఐఐటీ హైదరాబాద్‌లో ఫుల్‌టైమ్ చేస్తున్నాను. మా ల్యాబ్‌లో ఎవరైనా 98 అంటే మొదటి ప్రశ్న "ట్రైన్, టెస్ట్ స్ప్లిట్ ఎలా చేశావ్" అనే. మీకు ఆ ప్రశ్న ఐదేళ్లలో ఎవరూ వేయలేదంటే తప్పు మీది కాదక్కా. పార్ట్‌టైమ్‌లో పెద్ద లోటు డబ్బు కాదు, పక్కన కూర్చుని అడిగే మనిషి లేకపోవడం. మాకు నెలకి 37 వేలు, రెండేళ్లయ్యాక 42 వేలు వస్తాయి. కానీ దానికంటే ఆ పక్క బల్ల మనిషే ఎక్కువ.

నిజంచెప్తా:
నన్ను తిట్టినా సరే. 98తో సబ్మిట్ చేయండి. ఐదేళ్లు, ఇద్దరు పిల్లలు, పై నుంచి కాలేజీ ఒత్తిడి. డిగ్రీ చేతికొచ్చాక నిజాయితీగా రీసెర్చ్ చేయండి, అప్పుడు ఎవరూ ఆపరు. ఏజెంట్ దగ్గరికి మాత్రం వెళ్లకండి. కానీ మీరు చేసిన పని మీరు చూపించడంలో మోసమేముంది? ఆ 98 కంప్యూటర్ ఇచ్చిన అంకే కదా. వాస్తవం మాట్లాడుతున్నాను.

ఆరుద్రపురుగు:
లీక్ అయిందని తెలియనప్పుడు అది పొరపాటు. తెలిశాక అదే అంకె రాస్తే?

నిజంచెప్తా:
మీరు ఫుల్‌టైమ్ చేసి బయటపడ్డారు. ఆమె పరిస్థితి వేరు.

మిరపతోట:
పల్నాడులో మాది మూడెకరాల మిరప. నేను బీటెక్ చేసి హైదరాబాద్‌లో ఉన్నా, చేను నాన్నే చూసుకుంటారు. @నిజంచెప్తా గారూ, మీరన్నదాంట్లో తప్పు వెతకడానికి రాలేదు. 2021లో నల్ల తామర పురుగు (థ్రిప్స్) వచ్చినప్పుడు మా ఇంట్లో ఏం జరిగిందో చెప్తా. పువ్వులో దూరి తినేసింది. నాన్న ఏది తోస్తే అది కొట్టారు, షాపువాడు ఏది చెబితే అది కొన్నారు. మందులకి పెట్టిన డబ్బు కాయల మీద రాలేదు. ఆ రోజుల్లో ఫోన్‌లో యాప్ ఏదైనా "ఇది ఫలానా" అని చెప్పి ఉంటే నాన్న నమ్మేవారు. తప్పు చెప్పినా నమ్మేవారు. అందుకే ఆ 41 దాచిపెడితే నాకు బాధేస్తుంది.

ఇంకొకటి మేడమ్. మీ క్లాసుల్లో ముడత ఒక్కటే క్లాసా?

మబ్బుతునక:
అవును. "లీఫ్ కర్ల్" అని ఒకే క్లాసు. మిగతావి ఆకుమచ్చ, బూడిద తెగులు, పసుపు రంగు, ఆరోగ్యమైన ఆకు.

మిరపతోట:
అక్కడే తేడా కొడుతోంది. ముడత ఒకటి కాదు. తామర పురుగు రసం పీలిస్తే ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి, దోనెలాగ. దాన్ని పై ముడత అంటాం. నల్లి (మైట్) పడితే అంచులు కిందకి ముడుచుకుంటాయి, తిరగేసిన పడవలాగ, కాడ కూడా సాగుతుంది. అది కింది ముడత. తెల్లదోమ తెచ్చే వైరస్ ముడత మూడోది, దానికి ఆకు చిన్నదైపోయి, గిడసబారి, మొక్కే ఎదగదు. మూడింటికీ వైద్యం వేరు. తామర పురుగు మందులు చాలావాటికి నల్లి పోదు. వైరస్ వచ్చిన మొక్కకి ఏ మందూ లేదు, పీకేయడమే.

మా నాన్న చేలోకి వెళ్తే ముందు చేసే పని ఆకుని వేళ్ల మధ్య పట్టుకుని తిప్పి అడుగుభాగం చూడటం. పురుగైనా నల్లైనా ఉండేది అక్కడే. మీరు 212 ఫొటోలూ పైనుంచే తీశారా?

మబ్బుతునక:
అన్నీ పైనుంచే. ఒక్క ఆకు కూడా తిప్పలేదు.

కాఫీకప్పు:
మా అమ్మ గోంగూర కొనేటప్పుడు కూడా ఆకు తిప్పి చూసే తీసుకుంటుంది. ఈ థ్రెడ్ చదివి వినిపించాను, "మరి తిప్పకుండా ఎలా తెలుస్తుందే" అంది.

ఆరుద్రపురుగు:
@మిరపతోట మీరు చెప్పింది మామూలు విషయం కాదు. ఒక్కో ఆకుకి రెండు ఫొటోలు, పైది ఒకటి, అడుగుది ఒకటి. రెండూ కలిపి మోడల్‌కివ్వాలి. పైది ఒక్కటే ఇస్తే ఎంత, రెండూ ఇస్తే ఎంత అని పోల్చాలి. రైతు చేతి అలవాటుని డేటా సేకరణ పద్ధతిగా మార్చడం అది. థీసిస్‌లో ఒక అధ్యాయానికి సరిపోతుంది.

ఈసారి స్ప్లిట్ ఫొటోల వారీగా కాదు, చేను వారీగా చేయండి. ఒక చేను మొత్తం ట్రైనింగ్‌లో ఉంటే ఇంకో చేను మొత్తం టెస్టులో ఉండాలి. ఒకే చేలోవి రెండువైపులా ఉంటే ఆ మట్టినీ ఆ వెలుతురునీ నేర్చేసుకుంటుంది.

ష్టుట్‌గార్ట్_సీతయ్య:
ఇక్కడ జర్మనీలో ఇంజనీరింగ్ పీహెచ్‌డీ చాలావరకు ఉద్యోగమే. యూనివర్సిటీతో కాంట్రాక్టు, ప్రభుత్వ స్కేలు జీతం, సెలవులు. అయినా నాకు ఐదేళ్లు పట్టింది. థీసిస్‌లో ఒక అధ్యాయం మొత్తం "ఇది పనిచేయలేదు, ఎందుకంటే" అనే రాశాను. డిఫెన్స్‌లో దాదాపు సగం ప్రశ్నలు దాని మీదే. అదే నన్ను నిలబెట్టింది. ఎందుకు పనిచేయలేదో నాకంటే ఎక్కువ తెలిసినవాళ్లు ఆ గదిలో లేరు. మీ 41 గురించి మీకంటే ఎక్కువ ఎవరికి తెలుస్తుంది చెప్పండి.

నిజంచెప్తా:
జర్మనీలో జీతమిస్తారు, ఇక్కడ ఆమె చేతినుంచి ఫీజు కడుతున్నారు. గడువు మాటేమిటి? ఆరేళ్లు దాటితే రిజిస్ట్రేషన్ పోతుంది. కొత్త డేటా, కొత్త మోడల్, కొత్త పేపర్, ఏడాదిలో అవుతాయా?

విశ్రాంతాచార్య:
ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యాను, తొమ్మిది మందిని డాక్టరేట్ దాకా తీసుకెళ్లాను. గడువు గురించి కంగారు పడొద్దమ్మా. మీరు 2021లో చేరారు కాబట్టి యూనివర్సిటీలకి నియమాలు పెట్టే యూజీసీ 2016 నిబంధనలు మీకు వర్తిస్తాయి. గరిష్ఠ గడువు ఆరేళ్లు. మహిళలకి ఇంకో రెండేళ్లు సడలింపు ఉంది. 2022 నవంబరులో వచ్చిన కొత్త నిబంధనల్లోనూ మహిళలకి రెండేళ్ల సడలింపు ఉంది. అది కాక ప్రసూతి, శిశు సంరక్షణ కోసం మొత్తం కాలంలో ఒకసారి 240 రోజుల వరకు సెలవుకి అవకాశం ఉంది. మీరు వాడుకున్నారా?

మబ్బుతునక:
రెండో బాబు 2023లో పుట్టాడు సార్. కాలేజీలో ప్రసూతి సెలవు తీసుకున్నాను. యూనివర్సిటీలో అలాంటిది ఉందని ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. సిజేరియన్ అయిన ఏడో వారం రివ్యూ మీటింగ్‌కి వెళ్లాను.

విశ్రాంతాచార్య:
చదువుతుంటే కష్టంగా ఉందమ్మా. రిజిస్ట్రేషన్ నాటి యూనివర్సిటీ నియమావళి తెప్పించుకుని, రీసెర్చ్ విభాగానికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి. నోటిమాటగా అడిగితే నోటిమాటగానే కాదంటారు.

పేపర్ల సంగతి. "ఇప్పుడు పేపర్ అక్కర్లేదు" అని చాలామంది అంటున్నారు. అది 2022 నిబంధనలకి, అదీ యూజీసీ వరకే. యూనివర్సిటీ కావాలంటే అడగొచ్చు. మీకు వర్తించే 2016 నిబంధనల్లో సబ్మిట్ చేసేలోగా కనీసం ఒక జర్నల్ పేపరు, రెండు కాన్ఫరెన్స్ ప్రజెంటేషన్లు ఉండాలి. అచ్చయిన నాటికి మీ జర్నల్ లిస్టులో ఉంటే ఆ పేపరు చెల్లుతుందో లేదో కూడా అదే దరఖాస్తులో అడగండి. చెల్లినా సరే, చేను డేటా మీద కొత్త పేపరు రాయండి.

ఇక మీ గైడ్. ఆయన్ని వెంటనే చెడ్డవాణ్ని చేయకండి. నేనూ ఒకప్పుడు ఒక విద్యార్థికి "అది తీసెయ్" అన్నాను. భయంతో అన్నాను. ఎగ్జామినర్ తిప్పి పంపితే పిల్లవాడి ఏడాది పోతుందని. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది. ఆయన దగ్గరికి ఫిర్యాదుగా వెళ్లకండి. రెండు పేజీల నోట్ రాసి, ఆ 99.35, 31 అంకెలున్న పేపరు జతచేసి ఇవ్వండి. ఎగ్జామినర్ కూడా ఇదే పేపరు చదివి ఉంటాడు, మనమే ముందు చెప్తే మంచిది అనండి.

గుమ్మం_దగ్గర:
ఏజెంట్ గురించి ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. మా పాత కాలేజీలో ఒకాయన అలాగే కొనుక్కున్నాడు. వైవాలో ఎగ్జామినర్ చాలా మామూలుగా, "ఈ లాస్ ఫంక్షన్ ఎందుకు ఎంచుకున్నారు" అని అడిగాడు. ఆయన స్లైడ్ వైపు చూశాడు, మా వైపు చూశాడు, నీళ్లు తాగాడు. గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎగ్జామినర్ ఇంకో ప్రశ్న వేయలేదు. నాకిప్పటికీ ఆ ఫ్యాన్ చప్పుడు వినిపిస్తుంది.

డిగ్రీ వచ్చాక కూడా థీసిస్ శోధ్‌గంగలో (థీసిస్‌లు అందరికీ కనపడేలా పెట్టే సైట్) ఉంటుంది. మీ స్టూడెంట్లే తెరిచి చదువుతారు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం వేరేవాళ్ల రాతలతో పోలిక 10 శాతం దాటితే సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. డబ్బు తీసుకున్నవాడు ఆ రోజు ఫోన్ ఎత్తడు.

కంది_హాస్టల్:
జర్నల్స్ గురించి ఒక్క మాట. 2023లో హిందావీ అనే ప్రచురణ సంస్థ జర్నల్స్ నుంచే ఎనిమిది వేలకి పైగా పేపర్లు వెనక్కి తీసుకున్నారు. వాటిలో పేరుండిపోయినవాళ్లు ఇప్పుడు ప్రతి ఇంటర్వ్యూలో సంజాయిషీ చెప్పుకోవాలి. పేపరు ఎక్కడ వేస్తున్నామో చూసుకోవడం కూడా రీసెర్చ్‌లో భాగమే. పదిహేను రోజుల్లో ఓకే చేస్తాం అనేవాళ్ల జోలికి పోవద్దు.

మబ్బుతునక:
పేపర్లు చదవడానికే ఇబ్బంది. మా కాలేజీలో ఐఈఈఈ జర్నల్స్ సబ్‌స్క్రిప్షన్ ఆపేశారు.

కంది_హాస్టల్:
2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర పథకం వచ్చింది, 13 వేల దాకా జర్నల్స్ ఉన్నాయి. కానీ మొదలైనప్పుడు ప్రభుత్వ సంస్థలకే ఇచ్చారు, ప్రైవేటు కాలేజీలకి కాదు. మీరు రిజిస్టరైంది ప్రభుత్వ యూనివర్సిటీలో అయితే అక్కడి లైబ్రరీ లాగిన్ అడగండి. మెషిన్ లెర్నింగ్ పేపర్లు చాలావరకు ఆర్కైవ్ (arXiv) అనే సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. దొరకనివి నాకు చెప్పండక్కా.

రైలుపట్టా:
మొదటి రిప్లై నాదే, వదిలేయమన్నట్టే రాశాను. ఇవన్నీ చదివాక ఒకటి అనిపించింది. నేను వదిలేసినప్పుడు నా దగ్గర అడగడానికి ప్రశ్నే మిగల్లేదు. మీ దగ్గర ఉంది. నాకూ మీకూ అదే తేడా.

నిజంచెప్తా:
మహిళలకి రెండేళ్ల సడలింపు సంగతి నాకు తెలీదు. గడువు ఉంటే నా సలహా వెనక్కి తీసుకుంటున్నా. గడువు లేనివాళ్లకి మాత్రం నా మాట ఇప్పటికీ అదే.

మబ్బుతునక:
ఆరు వారాలైంది. ఏం జరిగిందో చెప్పడం నా బాధ్యత.

గైడ్‌కి రెండు పేజీల నోట్ ఇచ్చాను. అక్కడే కూర్చుని చదివారు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "టైటిల్ మార్చొద్దు, ఒక అధ్యాయం వరకు పెట్టుకో, కమిటీలో నువ్వే చెప్పుకోవాలి" అన్నారు. పూర్తి మద్దతు కాదు, కానీ తలుపు మూయలేదు. స్ప్లిట్ సరిచేసి పాత డేటా మీద మళ్లీ చేస్తే 98 కాస్తా 89 అయింది. ఆ అంకె కూడా చూపించాను.

మూడు ఊళ్లలో ఏడు చేలు తిరిగాను. ఆదివారాలు మాత్రమే. పెద్దబాబు ఆకు తిప్పి పట్టుకుంటే నేను ఫొటో తీశాను. 640 ఆకులు, రెండేసి ఫొటోలు. ఏ ఆకుకి ఏ తెగులో చెప్పే లేబుళ్లు నేనే పెట్టుకుని, తెగుళ్లు బాగా తెలిసిన ఒక శాస్త్రవేత్తకి చూపించాను. నేను వైరస్ అని రాసుకున్నవాటిలో మూడోవంతు పై ముడత అని తేల్చారు. సందేహం ఉన్నవి ఆకు చూసి చెప్పలేమని, పీసీఆర్ పరీక్ష చేయాలని వాటిని విడిగా పెట్టించారు. అంటే లేబుళ్లే తప్పుగా ఉన్నప్పుడు మోడల్‌ని తప్పుపట్టి ఏం లాభం?

చేను వారీగా స్ప్లిట్ చేస్తే, పైవైపు ఫొటో ఒక్కటే ఇస్తే 52, రెండూ ఇస్తే 66. కింది ముడత దగ్గర తేడా ఎక్కువ. రాత్రి ఒంటిగంటకి ఆ అంకె వచ్చింది. మా ఆయన్ని లేపి చెప్పాను.

యూనివర్సిటీకి దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకున్నాను, జవాబు రాలేదు. ఏజెంట్ నంబరు బ్లాక్ చేశాను. కమిటీ జనవరి రెండో వారంలో.

ఇప్పుడు ఒక సాయం కావాలి. ఏడు చేలూ గుంటూరు చుట్టుపక్కలవే. వేరే మట్టి ఉన్న చోట పరీక్షించాలి. పల్నాడులో గానీ ఖమ్మం వైపు గానీ ఎవరిదైనా చేను ఉందా?

ఆరుద్రపురుగు:
66! సంతోషంగా ఉంది. కమిటీకి వెళ్లేముందు స్లైడ్లు నాకు పంపండి, ఎగ్జామినర్ అడిగే ప్రశ్నలన్నీ నేను అడుగుతా.

విశ్రాంతాచార్య:
వారం ఆగి దరఖాస్తు మీద రిమైండర్ పెట్టండి. రసీదు నంబరు వేయడం మర్చిపోవద్దు.

మిరపతోట:
మా చేనుకి రండి మేడమ్. నాన్నకి చెప్పాను. పక్క చేను వాళ్లది కూడా చూపిస్తానన్నారు, వాళ్లకి నల్లి ఎక్కువుందట. పొద్దున తొమ్మిది దాటాక వస్తే మంచు ఆరిపోయి ఉంటుంది. బాబుని కూడా తీసుకురండి, ఆకు పట్టుకోవడానికి మనిషి కావాలిగా.